ఒలవకుండానే పప్పు లెక్క!

*పైకి నిగనిగలాడే కాయ లోపల పప్పు నిండుగా ఉందా, తాలా? పల్లికాయ ధర, సీడు పత్తి రైతు బతుకు... రెండూ ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి. ఎక్స్‌రే, వేడిని చూసే కెమెరా, మామూలు కెమెరా కలిసి ఆ గుట్టు ఎంతవరకు విప్పగలవు?*

యార్డులో పల్లికాయల రాశి ముందు ఖరీదుదారు ఆగుతాడు. గుప్పెడు కాయలు తీసుకుంటాడు. రెండింటిని చెవి దగ్గర పెట్టి ఆడిస్తాడు. గలగలమంటే ఎండినట్టు. నాలుగైదింటిని బొటనవేలితో చిట్లించి పప్పు రంగు చూస్తాడు. ఒకటి నోట్లో వేసుకుని పక్క రాశి దగ్గరికి నడుస్తాడు. మొత్తం కలిపి నిమిషం పట్టదు. దాదాపు నాలుగు నెలలు నీళ్లు కట్టి, కూలీలను పెట్టి, అడవి పందులకు కాపలా కాసి తెచ్చిన పంటకు ధర అప్పటికే ఖాయమైపోయింది!

యాసంగి పల్లి చేతికొచ్చే రోజుల్లో వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల, అచ్చంపేట, కల్వకుర్తి యార్డుల్లో ఎక్కడికి వెళ్లినా ఇదే దృశ్యం. ఈ-నామ్ వచ్చింది, ఆన్‌లైన్‌లో ధర వేస్తున్నారు, తూకానికి ఎలక్ట్రానిక్ కాంటాలు వచ్చాయి. కాయ లోపల ఏముందో చెప్పే పని మాత్రం ఇంకా బొటనవేలిదే. ఖరీదుదారుది తప్పని కాదు. ఏళ్ల తరబడి కాయలు పట్టిన చేతికి తెలివి ఉంటుంది. కాకపోతే ఆ తెలివి కొనేవాడి చేతిలో ఉంది, అమ్మేవాడికి అది లెక్కగా కనిపించదు. చిక్కంతా అక్కడే.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఒక రాశిలో క్వింటా కాయలు ఒలిస్తే 70 కిలోల పప్పు వచ్చిందనుకోండి. పక్క రాశిలో 65 కిలోలే వచ్చింది. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. 20 క్వింటాళ్లు తెచ్చిన రైతు దగ్గర ఆ తేడా అక్షరాలా ఒక క్వింటా పప్పు. 2025-26కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటా కాయలకు 7,263 రూపాయలు. అంటే చిట్లించిన నాలుగు కాయలు నిండువా, తాలువా అన్న అదృష్టం మీద వేల రూపాయలు అటూ ఇటూ అవుతున్నాయన్నమాట. రాశిలో లక్షల కాయలుంటే చూసింది గుప్పెడే!

కాయ ఒలవకుండానే లోపలి పప్పును చూడగలిగితే? అదీ ఒక కాయను కాదు, వేల కాయలను! ఇది ఊహ కాదు. ఆ పని మన పటాన్‌చెరులోనే జరిగింది. దాని సంగతి తెలుసుకునే ముందు ఆ పనికి పనికొచ్చే మూడు 'కళ్ల' గురించి తెలియాలి.

ఎద్దుల సంతలో చేసేదే!

సంతలో ఎద్దును కొనేవాడు ఒక్క పరీక్షతో ఊరుకోడు. ముందు కాస్త దూరంగా నిలబడి ఒంటి మెరుపు, నడక చూస్తాడు. తర్వాత నోరు తెరిపించి పళ్లు లెక్కపెడతాడు. చివరికి వీపు మీదా చెవుల మీదా చెయ్యి వేసి ఒళ్లు వెచ్చబడిందేమో చూస్తాడు. పైరూపం, లోగుట్టు, ఒంటి వేడి... మూడూ కలిస్తేనే బేరం. మూడు కెమెరాలు కలిపి చేసేదీ సరిగ్గా ఇదే.

మొదటిది మామూలు కెమెరా. వస్తువు మీద పడి వెనక్కి వచ్చిన వెలుతురును పట్టుకుంటుంది. రంగు, ఆకారం, పైన పగులు, మచ్చ, మట్టిబెడ్డ... చర్మం మీద ఉన్నదంతా దానికి కనిపిస్తుంది. ఇది మనకు కొత్తేం కాదు. 'సార్టెక్స్ బియ్యం' అని బస్తాల మీద రాసి ఉంటుంది కదా! సార్టెక్స్ నిజానికి ఒక బ్రిటిష్ కంపెనీ పేరు. గింజలు జలపాతంలా జారుతుంటే కెమెరా చూస్తుంది, నల్లగింజ కనబడగానే సన్నటి గాలి పిచికారీ దాన్ని పక్కకు ఎగరగొడుతుంది. ఆ మిషను తీరు మన ఇళ్లలో ఎంతగా పాతుకుపోయిందంటే కంపెనీ పేరే బియ్యం రకం అయిపోయింది.

రెండోది ఎక్స్‌రే. 1895 నవంబరులో జర్మనీలో రాంట్‌జెన్ దాన్ని కనుగొన్నాడు. ఆ డిసెంబరులోనే భార్య చేతి ఎముకల్ని, వేలి ఉంగరాన్ని ఫొటో తీశాడు. ఎక్స్‌రే చిత్రం ఎలా వస్తుందో తెలియాలంటే తోలుబొమ్మలాటను గుర్తు చేసుకుంటే చాలు. తెర వెనక దీపం, ముందు మనం. తోలు పల్చగా ఉన్నచోట వెలుగు దూసుకొస్తుంది, మందంగా ఉన్నచోట ఆగిపోతుంది. ఎక్స్‌రేకు మన కంటికి కనబడని వస్తువులు కూడా తోలుబొమ్మలే. పల్లికాయ పొట్టు పల్చన, గాలి నిండిన గూళ్లతో తేలిగ్గా ఉంటుంది కాబట్టి కిరణం దూసుకుపోతుంది. పప్పు దగ్గర కొంత ఆగుతుంది. అలా పొట్టు లోపల పడుకున్న గింజల నీడలు చక్కగా విడివిడిగా కనిపిస్తాయి. పొల్లుకాయలో నీడే ఉండదు. ఎక్స్‌రే పడిన కాయ తింటే ఏమవుతుందోనన్న భయం అక్కర్లేదు. ఆసుపత్రిలో ఎక్స్‌రే తీయించుకున్న చెయ్యి ఎలా రేడియోధార్మికం కాదో కాయా అంతే.

మూడోది థర్మల్ కెమెరా, అంటే వేడిని చూసే కన్ను. దీని కథ ఇంకా పాతది. 1800లో విలియం హెర్షెల్ సూర్యకాంతిని గాజు పట్టకంతో ఏడు రంగులుగా విడదీసి, ఒక్కో రంగులో థర్మామీటరు పెట్టి చూశాడు. ఎరుపు దాటాక, ఏ వెలుగూ లేని చీకటి చోట పాదరసం ఇంకా పైకి పోయింది! కంటికి కనబడని పరారుణ కిరణాలు అలా బయటపడ్డాయి. వెచ్చగా ఉన్న ప్రతి వస్తువూ వాటిని వెదజల్లుతూనే ఉంటుంది. మనిషి, ఆకు, పల్లికాయ... ఏదీ మినహాయింపు కాదు. థర్మల్ కెమెరా వాటినే పట్టి ఎక్కడ వెచ్చన, ఎక్కడ చల్లన అని రంగుల్లో గీస్తుంది. ఇందులో ఓ తమాషా ఉంది. ఈ కిరణాలకు మామూలు గాజు గోడలాంటిది. అందుకే ఈ కెమెరా కంటికి గాజు బదులు జెర్మేనియం అనే ఖరీదైన పదార్థంతో కటకం చేస్తారు. మీరు కిటికీ అద్దం వెనక నిలబడితే దానికి కనిపించేది అద్దమే, మీరు కాదు!

పటాన్‌చెరులో పల్లికాయకు ఎక్స్‌రే

హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో 1972లో ఏర్పాటైన ఇక్రిశాట్ పంటల్లో వేరుశనగ ముఖ్యమైనది. కొత్త వంగడం తయారు చేసేవాళ్లకు ఓ పెద్ద తలనొప్పి ఉంది. వందల వంగడాలు వేస్తారు. ఒక్కోదాని కాయలు విడిగా కోసి, ఆరబెట్టి, ఒలిచి, పప్పు వేరుగా పొట్టు వేరుగా తూచి రాయాలి. పప్పు శాతం ఎంతో తెలిస్తేనే ఏ వంగడాన్ని ఉంచాలో, ఏది పారేయాలో తేలుతుంది. ఒలవడానికే రోజులు పడతాయి. పైగా ఒలిచిన కాయను మళ్లీ కాయగా చెయ్యలేరు.

ఈ తలనొప్పికి మందు వెతుకుతూ ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు, జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ సంస్థ ఎక్స్‌రే నిపుణులు చేతులు కలిపారు. ఆ జర్మన్ బృందం కార్ల విడిభాగాల్లాంటి వాటి లోపల పగుళ్లు వెతకడంలో ఆరితేరినది. వాళ్లు పల్లికాయల్ని ఎక్స్‌రే తీసి, ఆ బొమ్మలను చదవడం కంప్యూటరుకు నేర్పారు. ఎక్కడివరకు కాయ, ఎక్కడ పప్పు, నీడ ఎంత చిక్కన... వీటి నుంచి కాయ బరువు, పప్పు బరువు, పొట్టు బరువు ఒలవకుండానే అంచనా కట్టించారు. ఆ ఫలితాలు 2022లో 'ప్లాంట్ మెథడ్స్' అనే పత్రికలో వచ్చాయి. ఖరీదుదారు బొటనవేలు చేసే పనే ఇది. కాకపోతే కాయ చిట్లదు, లెక్క అంకెల్లో వస్తుంది, ఆ అంకె ఎవరికి చూపినా ఒకటే.

ఇక్రిశాట్‌లో పైరును చూసే కన్ను కూడా ఉంది. 'లీజీస్కాన్' అనే ఏర్పాటులో లేజరు కాంతితో ఆకుల్ని మూడు కొలతల్లో చదివే స్కానర్లు మొక్కల వరసల మీదుగా కదులుతుంటాయి, కింద తూకపు యంత్రాలు మొక్క ఎన్ని నీళ్లు వదిలిందో తూస్తుంటాయి. 2015లో శాస్త్రవేత్తలు దాని వివరాలు ప్రకటించారు. ఇక వేడి సంగతి. నీళ్లు సరిగ్గా అందుతున్న ఆకు తన సూక్ష్మరంధ్రాలు తెరిచి ఆవిరి వదులుతుంది, చల్లగా ఉంటుంది. కుండలో నీళ్లు చల్లబడే సూత్రమే అది. నీళ్లు చాలకపోతే రంధ్రాలు మూసేస్తుంది, ఒళ్లు వేడెక్కుతుంది. ఆకు వాడిపోయినట్టు మన కంటికి కనిపించేలోగానే థర్మల్ కెమెరాకు ఆ 'జ్వరం' తెలుస్తుంది. ఎర్రచెలకల్లో బోరు కింద పల్లి వేసే వనపర్తి రైతుకు దీని విలువ విడమరిచి చెప్పక్కర్లేదు. ఊడలు దిగేటప్పుడు ఒక తడి తప్పితే ఎన్ని కాయలు పొల్లు పోతాయో అతనికి తెలుసు.

ముగ్గురు సాక్షులు, ఒక్క కాయ

మూడు కళ్లు ఉన్నాయి సరే. వాటిని కలపడం ఎలా? పక్కపక్కన పెట్టి మూడు ఫొటోలు తీస్తే సరిపోతుందా అంటే, సరిపోదు. అసలు కష్టం అక్కడే మొదలవుతుంది.

కన్వేయరు బెల్టు మీద కాయలు పోతున్నాయనుకోండి. ముందు మామూలు కెమెరా చూసింది. మూరెడు దూరంలో థర్మల్ కెమెరా చూసింది. ఇంకో మూరెడు అవతల, సీసపు పెట్టె లోపల ఎక్స్‌రే చూసింది. ఈలోపు కాయ కాస్త దొర్లితే? మొదటి కెమెరా చెప్పిన మచ్చ ఏ కాయది, మూడోది చెప్పిన పుచ్చు ఏ కాయది? పైగా మామూలు కెమెరాలో లక్షల కొద్దీ చుక్కలుంటాయి, థర్మల్ కెమెరాలో చాలా తక్కువ. ఎక్స్‌రే అయితే పైభాగం కింది భాగం అన్న తేడా లేకుండా అంతా ఒక్క నీడలో కలిపేస్తుంది. మూడు బొమ్మల్నీ సాగదీసి, తిప్పి, ఒకదాని మీద ఒకటి చుక్క చుక్కకూ అతికేలా చెయ్యాలి. కాలం కూడా కలవాలి... బెల్టు వేగాన్ని బట్టి ఏ క్షణంలో ఏ కాయ ఎక్కడుందో యంత్రానికి తెలియాలి.

అతికిన తర్వాత మాత్రం విషయం రుచిగా ఉంటుంది. ఉదాహరణకు మట్టిబెడ్డ. సరిగ్గా కాయ సైజులో, కాయకు అంటిన మట్టి రంగులోనే ఉంటే మామూలు కెమెరా మోసపోతుంది. ఎక్స్‌రేకు అది చిక్కటి నీడ, ఇట్టే దొరికిపోతుంది. తాలుకాయ పైకి అందంగా ఉంటుంది, ఎక్స్‌రేకు ఖాళీ. అదే తాలుకాయను దీపం కింద రెండు క్షణాలు వేడిచేసి వదిలితే నిండుకాయ కంటే తొందరగా వేడెక్కుతుంది, తొందరగా చల్లారుతుంది. లోపల వేడిని పట్టుకునే సరుకు లేదు కాబట్టి. అంటే థర్మల్ కెమెరా కూడా అదే సాక్ష్యం ఇంకో దారిలో చెబుతోంది. పప్పు ఉంది గానీ తడిగా ఉంటే? ఎక్స్‌రే 'నిండుగా ఉంది' అని సంతోషపడుతుంది. తడి ఆవిరవుతూ కాయ చల్లబడుతుంటే థర్మల్ కెమెరా దాన్ని పట్టిస్తుంది. తేమ 8 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో పేచీ మొదలవుతుందని రైతులందరికీ తెలిసిందే. ఒక సాక్షి అబద్ధం ఆడినచోట ఇంకో సాక్షి నిజం చెప్పడం, ఈ కలయికకున్న బలం అదే.

పండ్ల విషయంలోనూ ఇదే. నాగర్‌కర్నూల్ జిల్లాలోని కొల్లాపూర్ మామిడికి పేరుంది. మామిడిలో టెంక పురుగు అని ఒకటి ఉంది. పిందె దశలోనే లోపలికి పోయి టెంకలో కాపురం పెడుతుంది. పండు పైన గాటు కూడా కనిపించదు. కోస్తేగానీ తెలియదు, కోస్తే అమ్మలేరు! ముంబయిలోని భాభా అణు పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు అలాంటి కాయల్ని ఎక్స్‌రేతో గుర్తించవచ్చని 1995లోనే చూపించారు. మూడు దశాబ్దాలు గడిచాయి, తోటల దగ్గరి షెడ్లలో మాత్రం పండ్ల ఏరివేత ఇంకా చూపు మీదే.

కనిపించని విషం

పల్లికి ఇంకో శత్రువు ఉంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు అంతుపట్టని జబ్బుతో చచ్చిపోయాయి. ఏం జబ్బో తెలియక 'ఎక్స్' అని పేరు పెట్టారు. కూపీ లాగితే, దాణాలో కలిపిన బ్రెజిల్ వేరుశనగ పిండిలో దొరికింది కారణం. ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు వదిలిన విషం. దాని పేరులోంచే అక్షరాలు తీసి 'అఫ్లాటాక్సిన్' అన్నారు. కాలేయ క్యాన్సరుకు దారితీసే ఈ విషం విషయంలో ఐరోపా దేశాలు ఎంత కఠినంగా ఉంటాయంటే నేరుగా తినే పల్లీల్లో కిలోకు 4 మైక్రోగ్రాములు దాటితే సరుకు వాపస్. టన్ను పప్పులో 4 మిల్లీగ్రాములన్నమాట!

కాయ ముదిరే రోజుల్లో నేల బెట్టపట్టి, మట్టి వేడెక్కితే ఈ బూజు పప్పులోకి చొరబడుతుంది. వానాకాలం పంట చివర్లో వాన ముఖం చాటేసినప్పుడు జరిగేది అదే. పాలమూరు యాసంగి పల్లికి నీళ్లు బోర్ల నుంచో, జూరాల, కల్వకుర్తి ఎత్తిపోతల కాలువల నుంచో చివరిదాకా అందుతాయి. కోసిన కాయలు వానలేని రోజుల్లో ఎండుతాయి. వనపర్తి పల్లికి 'విషం తక్కువ' అన్న పేరు రావడం వెనక ఉన్న ప్రకృతి రహస్యం ఇదే. మరి ఆ పేరును ధరగా మార్చుకోవాలంటే? ప్రతి రాశికీ రుజువు ఉండాలి.

ఇక్కడ మూడు కళ్ల పరిమితి తెలుసుకోవాలి. అఫ్లాటాక్సిన్ ఎక్స్‌రేలో కనిపించదు. అంత కొద్ది పదార్థానికి నీడ ఉండదు. మామూలు కెమెరా రంగు మారిన పప్పును, ముడుచుకుపోయిన పప్పును, పగిలిన పప్పును ఏరేస్తుంది. విషం ఎక్కువగా ఉండేది అలాంటి వాటిలోనే కాబట్టి మొత్తం సరుకులో విషం బాగా తగ్గుతుంది. విదేశాల్లో కొన్ని యంత్రాలు లేజరు కాంతి వేసి, బూజు తగిలిన గింజ ఇచ్చే సన్నటి మెరుపును పట్టుకుంటున్నాయి. థర్మల్ కెమెరా గోదాములో అక్కరకొస్తుంది. బూజు ఊపిరి తీస్తుంది, ఊపిరి తీసేది ఏదైనా వేడి పుట్టిస్తుంది. బస్తాల పైపొరల్లో ఓ మూల వెచ్చబడటం మొదలైతే వాసన వచ్చేలోగానే చూపిస్తుంది. కానీ విషం ఉందా లేదా అన్న తీర్పు చెప్పాల్సింది ల్యాబులో పప్పును పిండి చేసి చేసే పరీక్షే. కెమెరాలు ఏరివేతకు, ల్యాబు తీర్పుకు. ఒకటి చేసే పని ఇంకోటి చెయ్యదు. 'మా మిషను విషాన్ని చూస్తుంది' అని ఎవరైనా ఎక్స్‌రే పెట్టె అమ్మజూపితే ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి.

యార్డుకు వస్తే...

ఇదంతా ఖరీదుదారు గుప్పెడు దగ్గరికి ఎప్పుడు వస్తుంది? ఎక్స్‌రే యంత్రం ఫోనులా జేబులో పెట్టుకునేది కాదు. చుట్టూ సీసపు కవచం ఉండాలి, అణుశక్తి నియంత్రణ మండలి నిబంధనలు పాటించాలి, నడిపే మనిషికి శిక్షణ ఉండాలి. కాబట్టి ప్రతి రాశినీ మొత్తంగా బెల్టు ఎక్కించడం యార్డులో కుదిరే పని కాదు. కుదిరేది నమూనా. రాశి పైనుంచీ మధ్యలోంచీ అడుగునుంచీ తీసిన రెండు మూడు కిలోల కాయల్ని ఒక పెట్టెలో పోస్తే పప్పు శాతం, తాలు శాతం, మట్టి శాతం తెర మీద కనబడటం. ఈ-నామ్‌లో సరుకు నాణ్యత రాసే వరస ఎలాగూ ఉంది. అందులో ఈ అంకె పడితే, దూరంగా ఉన్న నూనె మిల్లువాడు కూడా కాయను చూడకుండా ధర వేయగలడు. ఇప్పుడు వేయలేకపోవడానికి అసలు కారణం సరుకు మీద నమ్మకం లేకపోవడమే కదా.

చిక్కులు లేకపోలేదు. పటాన్‌చెరులో శుభ్రంగా కడిగినట్టున్న కాయలు, యార్డులో మట్టి అంటిన కాయలు ఒకటి కావు. కంప్యూటరుకు కదిరి-6 కాయలు నేర్పి, ఇంకో రకం పోస్తే లెక్క తప్పొచ్చు. రకరకాల కాయలతో, రకరకాల తేమలో మళ్లీ నేర్పాలి. నమూనా ఎవరు తీస్తారన్నది ఇంకో ప్రశ్న. అడుగున తాలు దాచిన రాశి నుంచి పైకాయలే తీస్తే ఎంత గొప్ప ఎక్స్‌రే అయినా పైకాయల సంగతే చెబుతుంది. దడువాయి కాంటా మీద నమ్మకం కుదరడానికి ఎన్నాళ్లు పట్టిందో గుర్తున్నవాళ్లకు ఇది ఆశ్చర్యం కాదు.

సీడు పత్తి దగ్గర...

కృష్ణా, తుంగభద్రల మధ్యనున్న నడిగడ్డలో పందెం ఇంకా పెద్దది. గద్వాల చుట్టుపక్కల ఊళ్లలో హైబ్రిడ్ పత్తి విత్తనం పండిస్తారు. సాయంత్రం ఆడ వరసల్లో మొగ్గ విప్పి పుప్పొడి భాగాలు గిల్లేయాలి, మర్నాడు పొద్దున మగ మొక్క పువ్వు తెచ్చి అద్దాలి. పువ్వు పువ్వుకూ చెయ్యి తగలాల్సిందే. ఎకరం క్రాసింగ్‌కు ఎందరు కూలీలు కావాలో, వాళ్ల కోసం ఎంత అప్పు పుడుతుందో సీడు రైతును అడగాలి. పండిన విత్తనం ఆర్గనైజరు ద్వారా కంపెనీకి వెళ్తుంది. డబ్బు పూర్తిగా చేతికి రావాలంటే పరీక్షలు నెగ్గాలి.

పరీక్షలు ముఖ్యంగా రెండు. ఒకటి మొలక శాతం. పత్తి హైబ్రిడ్‌కు కనీసం 75 ఉండాలి. ల్యాబులో 400 గింజలు పెట్టి, నాలుగో రోజు ఒకసారి, పన్నెండో రోజు ఇంకోసారి లెక్కిస్తారు. ఇక్కడ మూడు కళ్లకు చేతినిండా పని ఉంది. జిన్నింగులో దెబ్బ తగిలి చిట్లిన గింజ, నూగు తీసే ఆమ్లం లోపలికి ఇంకిన గింజ, సగమే నిండిన గింజ... పైపెంకు నల్లగా బాగానే ఉంటుంది, ఎక్స్‌రేలో దొరికిపోతుంది. స్వీడన్‌లో గుస్తాఫ్సన్, సిమాక్ అనే శాస్త్రవేత్తలు అడవి చెట్ల విత్తనాలకు 1950లలోనే ఈ పద్ధతి మొదలుపెట్టారు. అంతర్జాతీయ విత్తన పరీక్షా సంస్థ, అదే ఇస్టా, నిబంధనల్లో ఎక్స్‌రే పరీక్షకు విడిగా ఒక అధ్యాయమే ఉంది. ఆ ఇస్టా మహాసభ 2019లో హైదరాబాద్‌లోనే జరిగింది. ఆ తర్వాత 2022లో ఆ సంస్థకు అధ్యక్షుడైన డాక్టర్ కేశవులు తెలంగాణ విత్తన ధ్రువీకరణ సంస్థ నుంచి వెళ్లినవారే.

వేడి కన్ను ఇంకా అబ్బురం. 2010లో బ్రిటన్, ఆస్ట్రియా శాస్త్రవేత్తలు బఠాణీ గింజల్ని తడిపి థర్మల్ కెమెరా ముందు పెట్టారు. నీళ్లు పీల్చుకునేటప్పుడు బతికున్న గింజ వేడి మారే తీరు వేరు, చచ్చిన గింజది వేరు. మొదటి మూడు గంటల్లోనే ఏది మొలుస్తుందో చెప్పగలిగారు. ఆ గింజల్ని మళ్లీ ఆరబెట్టి దాచుకోవచ్చు కూడా. పన్నెండు రోజుల కబురు మూడు గంటల్లో! అది బఠాణీ సంగతి. గట్టి పెంకున్న పత్తి గింజకు ఆ లెక్క విడిగా కట్టుకోవాలి.

ఇక రెండో పరీక్ష. రైతు గుండెల్లో రాయి పడేది దీని దగ్గరే. జన్యు స్వచ్ఛత, అంటే క్రాసింగ్ నిజంగా జరిగిందా లేక పువ్వు తన పుప్పొడితో తానే కాయ కట్టిందా అని చూడటం. హైబ్రిడ్ పత్తిలో 90 శాతం ఉండాలి. దీనికోసం విత్తనాన్ని పొలంలో వేసి, మొక్కలు పెరిగి పూత కాత వచ్చేదాకా ఆగి చూస్తారు. అదే జీవోటీ. నెలలు పడుతుంది. అన్నాళ్లూ రైతు డబ్బు ఆగుతుంది, అప్పు మీద వడ్డీ మాత్రం ఆగదు. చివరికి 'ఫెయిల్' అని కబురొస్తే ఏడాది కష్టం మామూలు పత్తి గింజల ధరకు దిగిపోతుంది. ఏటా గద్వాలలో రైతులకు, ఆర్గనైజర్లకు మధ్య గొడవలన్నీ ఎక్కువగా ఈ ఒక్క మాట చుట్టూనే.

మూడు కళ్లూ కలిసి దీన్ని చూడగలవా? లేదు. కారణం గింజ పుట్టుకలోనే ఉంది. విత్తనం పైపెంకు తల్లి ఒంటిలోని భాగం. తండ్రి ఎవరైనా తల్లి మొక్క కట్టే పెంకు ఒకటే. మామూలు కెమెరా ఎంత నిశితంగా చూసినా దానికి కనిపించేది తల్లి ముఖమే. ఎక్స్‌రే లోపలి పిండాన్ని చూపిస్తుంది, నిండుగా ఉందో లేదో చెబుతుంది, ఎవరి బిడ్డో చెప్పదు. బతికున్న గింజ ఎవరి బిడ్డైనా వెచ్చగానే ఉంటుంది. ఆ సంగతి తేల్చేది డీఎన్ఏ ఒక్కటే. గింజ నుంచో లేత మొలక నుంచో చిన్న ముక్క తీసి, తల్లి గుర్తూ తండ్రి గుర్తూ రెండూ ఉన్నాయా అని చూసే మార్కర్ పరీక్షలు ఉన్నాయి. నెలల పని రోజుల్లో అవుతుంది.

ఎక్స్‌రే తీసిన గింజ తగ్గదు, చావదు. అదే గింజను మొలకకు పెట్టొచ్చు, అదే మొలకను డీఎన్ఏ పరీక్షకు ఇవ్వొచ్చు. ఒక్కో గింజకు నంబరు వేసి ఎక్స్‌రే బొమ్మ, మొలిచిందో లేదో, తండ్రి ఎవరో ఒకే కాగితం మీద రాయొచ్చు. ఫెయిలైన లాటులో తప్పు క్రాసింగ్‌లో జరిగిందా, జిన్నింగులోనా, నూగు తీసిన చోటా అన్నది అప్పుడు విడివిడిగా తేలుతుంది. క్రాసింగ్ తప్పు రైతు పొలంలోది. మిగతా రెండూ పొలం దాటాక జరిగేవి.